భీమిలి ఒడ్డున పాత పెంకుటింటిని వారాంతపు విడిదిగా బాగుచేసుకోవడం ఎలా?

విశాఖపట్నం నుంచి బీచ్ రోడ్డు మీద పాతిక ముప్పై కిలోమీటర్లు ఉత్తరంగా వెళితే భీమిలి అని పిలిచే భీమునిపట్నం వస్తుంది. ఆ దారి పొడవునా, భీమిలి దాటాక గోస్తని సముద్రంలో కలిసే చోటికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో, తాతల నాటి పెంకుటిళ్లు ఇంకా కొన్ని నిలిచి ఉన్నాయి. పిల్లలు నగరాల్లోనూ పరదేశాల్లోనూ స్థిరపడడంతో చాలావాటికి తాళాలు పడ్డాయి. అలాంటి ఇల్లు మీకు వారసత్వంగా వచ్చినా, కొనుక్కున్నా, శని ఆదివారాలు గడపడానికి దానిని సిద్ధం చేసుకోవాలనుకుంటే ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది ఇక్కడ వివరిస్తాను. మా ఇంటి విషయంలో మొదట చేసిన తప్పులను దిద్దడానికే ఎక్కువ డబ్బు ఖర్చయింది కాబట్టి, ఆ తప్పులు ఎక్కడ జరుగుతాయో కూడా చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి. సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఇటుక గోడ డెబ్బై ఎనభై ఏళ్లు నిలిచిందంటే, లోపలికి వచ్చిన తేమనూ ఉప్పునూ తిరిగి బయటికి పోనిచ్చే గుణం దానికి ఉన్నందువల్లనే. ఆ దారిని మూసేసే మరమ్మతు ఎంత ఖరీదైనదైనా ఇంటికి చేటే చేస్తుంది.

కాగితాలు, తీరం

ఇల్లు కొంటున్నవారైతే మేస్త్రీ కంటే ముందు సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లాలి. కనీసం 30 ఏళ్లకు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ధ్రువపత్రం, తీయించండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. తీరం వెంబడి గ్రామకంఠం, పోరంబోకు భూములు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి కాబట్టి, ఇంటి పన్ను రసీదు ఒక్కటే చూసి హక్కు ఉందని నమ్మకండి.

తరువాత సీఆర్‌జెడ్ నిబంధనలు, అంటే తీరం వెంబడి కట్టడాలను అదుపు చేసే నియమాలు. 2019 జనవరి 18న కేంద్రం జారీ చేసిన నోటిఫికేషన్ ప్రకారం, పోటు నీరు అత్యధికంగా చేరే గీత నుంచి నేల వైపు 500 మీటర్ల వరకు ఈ నియంత్రణ వర్తిస్తుంది. గ్రామీణ తీరంలో మొదటి 200 మీటర్లు కొత్త నిర్మాణాలకు వీలులేని ప్రాంతం. చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనం ఉన్న గ్రామీణ ప్రాంతాలకు మాత్రం, తీర ప్రణాళిక తయారైతే, అది 50 మీటర్లకు తగ్గుతుంది. పట్టణ పరిధిలో లెక్క వేరు. అధికారికంగా ఉన్న పాత ఇంటిని అదే పునాది వైశాల్యంలో, అదే అంతస్తులతో మరమ్మతు చేసుకోవడానికి మార్గం ఉంది, పైన ఒక గది వేసుకుందామనుకుంటే కథ మారిపోతుంది. తొలి సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ 1991 ఫిబ్రవరి 19న వచ్చింది. అంతకుముందే ఇల్లు అక్కడ ఉందని చూపే పన్ను రసీదో, పాత దస్తావేజో, కరెంటు బిల్లో ఏది దొరికినా జాగ్రత్త చేసి, ప్లాను గీయించి, స్థానిక సంస్థ నుంచి అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే కూలీలను పిలవండి. ఇసుక దిబ్బలను చదును చేయడం, ఒడ్డు ఇసుకను తవ్వడం నిషేధం. దగ్గరలోనే ఉన్న ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలం, తోట కోసమని అక్కడి మట్టి ఒక్క గంప కూడా తేవద్దు.

ఇల్లు ఎంత నచ్చినా ఒడ్డు కోతకు గురవుతున్న చోటైతే వదులుకోవడమే మేలు. కాకినాడ దగ్గర ఉప్పాడలో వీధులకు వీధులే సముద్రంలోకి పోవడం మనం చూస్తూనే ఉన్నాం. ఈ విషయంలో పటాల కంటే ముందు అక్కడి వేటకారులను అడగండి. హుద్‌హుద్ తుపాను నాడు నీరు ఎక్కడి దాకా వచ్చింది, మీ చిన్నప్పుడు పడవలు ఎక్కడికి లాగేవారు, ఇప్పుడు ఎక్కడికి లాగుతున్నారు అన్న రెండు ప్రశ్నలకు పెద్దవాళ్లు చేయి చాపి చూపించే చోటును బట్టి మీ నిర్ణయం తీసుకోవచ్చు.

పనికి అనువైన కాలం

సంక్రాంతి తరువాత మొదలుపెట్టి, ఎండలు ముదిరేలోగా సున్నపు పని ముగించాలి. తుపానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, మళ్లీ ఏప్రిల్ నుంచి జూన్ వరకు వస్తాయి. రోహిణి కార్తె ఎండలో గార వేస్తే అది గట్టిపడక ముందే నీరు ఆవిరైపోయి పగులుతుంది. అన్నీ ఒకే ఏడాదిలో ముగియవు. మొదటి ఏడాది కప్పు, గోడలను విప్పి ఆరబెట్టడం, నీటి ఏర్పాటు చేసుకొని, గార, నేల, రంగు రెండో ఏడాదికి ఉంచండి. మధ్యలో ఒక వానాకాలం ఇంటి మీదుగా గడిస్తే ఎక్కడ కారుతుందో, ఎక్కడ చెమ్మ పైకి పాకుతుందో ఇల్లే చూపిస్తుంది.

గోడలు

ఇక్కడ తొందరపడకండి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది గోడల దగ్గరే.

మా ఇంటి తూర్పు గదికి, మేము తీసుకోవడానికి కొన్నేళ్ల ముందు, ఎవరో సిమెంటు ప్లాస్టరింగు చేయించి పైన ప్లాస్టిక్ పెయింటు వేయించారు. చూడడానికి నున్నగా ఉందని మేమూ దాని జోలికి పోలేదు. రెండో వానాకాలం ముగిసేసరికి, మంచం తలాపి వైపు గోడ మీద అరచేయి ఆనిస్తే చల్లగా తగిలింది, కణుపుతో తడితే కుండ మీద తట్టినట్టు బోలుగా మోగింది. ఉలి మొన పెట్టగానే జొన్నరొట్టెంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనుక వైపంతా తెల్లటి నూగు, సన్నని దూదిపింజల్లాగా. నాలుకకు తాకించి చూస్తే ఉప్పు. వెనుక ఉన్న ఇటుకను గోరుతో గీరితే ఎర్రటి పొడి రాలింది. బయటికి ఆ పెయింటు మాత్రం చెక్కు చెదరలేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతా పనంతా సులువవుతుంది. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే మామూలు ఉప్పు కరుగుతుంది, అంతకన్నా తగ్గితే తిరిగి స్ఫటికంగా మారుతుంది. మన తీరంలో తేమ ఆ గీతకు పైకీ కిందికీ, తరచుగా రాత్రికీ పగటికీ మధ్యనే, ఊగుతూ ఉంటుంది. కరిగిన ఉప్పు తేమతో పాటు గోడ ఉపరితలానికి వచ్చి అక్కడ స్ఫటికమైతే చీపురుతో ఊడ్చిపారేయవచ్చు, పైన సిమెంటు పొర అడ్డుపడితే అది ఇటుక రంధ్రాలలోనే స్ఫటికమై, ఉబ్బి, ఇటుకను లోపలి నుంచి పగలగొడుతుంది. సున్నపు గార మెత్తగా ఉంటుంది, రంధ్రాలు ఎక్కువ, కాబట్టి ఉప్పును తన మీదకు తీసుకొని, ఇటుకకు బదులు తానే రాలిపోతుంది. పాతికేళ్లకోసారి గార మార్చుకోవడం పెద్దలకు బరువుగా తోచలేదు, ఎందుకంటే గోడ మిగిలేది.

కాబట్టి పని ఈ వరుసలో చేయించండి. సిమెంటు పూత ఉన్న గోడలన్నిటినీ కణుపుతో తట్టుతూ తిరిగి, బోలుగా మోగిన చోట్లను సుద్దతో గుర్తుపెట్టి, ఆ పూతను చేతి ఉలితోనే విప్పించండి. యంత్రంతో కొట్టిస్తే అదురుకు పాత ఇటుకలు కదులుతాయి. బయటపడిన ఇటుకను పొడి కుంచెతో రుద్ది, కింద గోనెసంచి పరచి, రాలిన పొడిని ఎత్తి ఇంటికి దూరంగా పారబోయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అలా విప్పిన గోడను వీలైతే ఒక వేసవి పాటు బోసిగా వదిలేయండి, నెలకోసారి మళ్లీ పొడి కుంచెతో రుద్దండి. ఉప్పు ఇంకా పూస్తూనే ఉంటే, సున్నం తక్కువగా, ఇసుక ఎక్కువగా కలిపిన పల్చటి గారను తాత్కాలికంగా పూయించి, అది ఉప్పు పీల్చుకున్నాక కొన్ని నెలలకు గీకి తీసేయాలి. మా తూర్పు గోడకు ఇలా రెండుసార్లు చేయవలసి వచ్చింది.

ఆ ఆరే కాలంలోనే ఇంటి చుట్టూ చూడండి. ఏళ్ల తరబడి గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పునాదిని కప్పేసి, కొన్నిచోట్ల అరుగు మట్టానికి పైకి కూడా చేరి ఉంటుంది. దానిని తొలగించి పునాది కనీసం ఒక అడుగు బయటపడేలా చేయాలి. గోడను ఆనుకొని సిమెంటు చప్టా ఉంటే పగలగొట్టించి, ఆ స్థానంలో గులకరాళ్లు పోయించండి. నేలలోని చెమ్మకు పైకి పోవడానికి చప్టా కింద వేరే దారి లేక, గోడనే ఎక్కుతుంది.

గారకు మంచి సున్నం కావాలి. రాతి సున్నాన్ని తెచ్చి ఇంటి దగ్గరే తడిపించుకోవడం ఉత్తమం. తొట్టిలో ముందు నీళ్లు పోసి, అందులో సున్నపు రాళ్లను కొద్దికొద్దిగా వేయాలే గాని, రాళ్ల మీద నీళ్లు గుమ్మరించకూడదు. కుతకుత ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఎవరినీ తొట్టి దగ్గరికి రానీయకండి, పిల్లలను అసలే రానీయకండి. తడిపిన సున్నాన్ని జల్లించి, పైన నీరు నిలిచి ఉండేలా కనీసం మూడు వారాలు నానబెట్టాలి. ఒక పాలు ఈ సున్నపు ముద్దకు రెండున్నర పాళ్ల నది ఇసుక, అందులో కొంత భాగం బాగా కాలిన ఇటుకల పొడి కలిపి, ముద్ద తాపీకి అంటుకొని వేలాడేంత వరకు రుబ్బాలి. పాతవారు కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిపేవారు. ఆ పద్ధతి చేతికి తెలిసిన మేస్త్రీ దొరికితే అతని కొలతలకే వదిలేయండి. అలాంటివారు పాత గుళ్ల మరమ్మతులు జరిగే చోట కనిపిస్తారు. ఒడ్డున ఉచితంగా దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుకను మాత్రం ఏ పనికీ ముట్టనివ్వకండి.

ఇటుకల సందుల్లో పొడిబారిన పాత సున్నాన్ని అంగుళం లోతు దాకా గీకి, తడిపి, కొత్త గారతో నింపాక, పూత వేయాలి. ఒక్కో పొర అర అంగుళానికి మించకూడదు. తడి గోనెలు వేలాడదీసి వారం పది రోజులు చల్లగా ఉంచాలి. చివరికి పాల చిక్కదనంలో తెల్ల సున్నం మూడు చేతులు వేస్తే చాలు, ఏ కంపెనీ పెయింటూ అక్కరలేదు. గోడకు బాగా పట్టుతుందని కొందరు పనివారు సున్నంలో ఉప్పు వేస్తారు. ఈ ఇంటికి ఆ పని చేయవద్దని ముందే చెప్పి ఉంచండి.

కప్పు

విశాఖ తీరానికి భారత ప్రమాణాలు నిర్ణయించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి దాదాపు అంత వేగంతోనే వీచింది. గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం గాని, నిజానికి అది పైకి పీకుతుంది, అందులోనూ చూరు, మూలలు, రెండు వాలులు కలిసే నడికప్పు దగ్గర ఎక్కువగా పీకుతుంది. కప్పు పని మొత్తం దీన్ని బట్టే సాగాలి.

పెంకులన్నీ దింపించి ఒక్కొక్కటీ తట్టి చూడండి. కంచు మోగినట్టు మోగితే మంచిది, బొంగురుగా పలికితే సన్నని పగులు ఉన్నట్టు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరులో తొలి పెంకుల కర్మాగారం పెట్టాక ఈ రకం పెంకు మన తీరమంతటా పాకింది. పాత పెంకుల అడుగున తయారీదారు ముద్ర ఉంటుంది, దాన్ని చూసి అదే కొలతవి, కూల్చిన ఇళ్ల నుంచి, వెతికి తెచ్చుకోవచ్చు. చదరపు మీటరుకు సుమారు 15 పెంకులు పడతాయి, వాటి మీద పదో వంతు అదనంగా తీసి పెట్టుకోండి. పెంకు అడుగున తీగ కట్టడానికి చిన్న చెవి ఉంటుంది. చూరు వెంబడి రెండు వరుసలు, నాలుగు మూలలు, నడికప్పుకు అటూ ఇటూ ఉన్న వరుసలు, వీటిలో ప్రతి పెంకునూ రాగి తీగతో దాని కింది చెక్క బద్దీకి కట్టించాలి. ఇనుప తీగ అయితే కొద్ది ఏళ్లలోనే తుప్పు పట్టి, కట్టు ఉన్నట్టే కనిపిస్తూ గాలి వచ్చిన రోజున తెగుతుంది.

పెంకులు దింపినప్పుడే వాసాలనూ దూలాలనూ చూసుకోవాలి. మేకుతో పొడిచి చూడండి. గట్టి తాటి వాసంలో మొన దిగదు, చెదలు తిన్నదైతే వేలెడు దిగిపోతుంది. గోడలోకి దూరిన కొసలు ముందుగా పాడవుతాయి, కొస ఒక్కటే పోతే వాసమంతా మార్చనక్కరలేదు, మంచి చెక్కతో అతుకు వేయిస్తే సరిపోతుంది. చెక్కకు పలాస వైపు నుంచి వచ్చే జీడిగింజల పెంకు నూనె పట్టించవచ్చు, పడవలకు కూడా అదే పూస్తారు. అయితే చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. వాసాలను గోడ మీది పట్టెకు, పట్టెను గోడలో మూడు అడుగుల లోతు దాకా దిగిన బోల్టులకు లోహపు పట్టీలతో బిగించాలి. వసారా కప్పును ఇంటి కప్పుకు కొనసాగింపుగా కాక విడిగా నిలిపించండి. గాలికి వసారా లేచిపోయినా ఇంటి కప్పును వెంట తీసుకుపోదు.

లోపల పీవోపీ సీలింగు వేయించుకోవద్దని నా సలహా. పెంకుల సందుల్లోంచి పైకి పోయే వేడి గాలే ఈ ఇంటికి ఫ్యాను, సీలింగు దాన్ని ఆపేస్తుంది, పైన ఏ వాసానికి చెదలు పట్టిందో కనిపించకుండా చేస్తుంది.

ఇనుము, తలుపులు, కరెంటు

మడతబందులు, గడియలు, మరలు ఇత్తడివి గాని 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గాని తీసుకోండి. దుకాణంలో మామూలుగా ఇచ్చే 304 రకం కూడా మెరుస్తూనే ఉంటుంది గాని, ఉప్పు గాలికి టీ మరకల్లాంటి చుక్కలు తేలతాయి. 316లో మాలిబ్డినం కలుస్తుంది, అందుకే అది ఉప్పుకు తట్టుకుంటుంది. కిటికీలకు వాలు బద్దల రెక్కలు ఉంటే వాటిని అద్దాలుగా మార్చకండి, వారంలో ఐదు రోజులు ఇల్లు మూసి ఉన్నప్పుడు లోపలికి గాలి ఆడేది వాటి గుండానే. దోమల వల నైలానుది వేయించండి.

ఎక్కడైనా కాంక్రీటు తప్పనిసరైతే, ఉదాహరణకు కొత్త స్నానాల గదికి, ఎం30 బలానికి తక్కువ కాని కాంక్రీటు, ఊచల మీద కనీసం 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలని మేస్త్రీకి కాగితం మీద రాసివ్వండి. పాత సజ్జాల కింద పెచ్చులు ఊడి ఊచలు కనిపిస్తుంటే, ఆ పెచ్చులకు అతుకు వేయించి వదిలేయకుండా సజ్జా మొత్తం తీయించండి. వైరింగు అంతా కొత్తగా రాగి తీగతో వేయించి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించి, ఎర్తింగు ఏటా పరీక్ష చేయించాలి. మెయిన్ బోర్డు సముద్రం వైపు గోడకు ఉండకూడదు.

నీరు, మరుగుదొడ్డి

తీరం ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద పొరగా తేలుతూ ఉంటుంది. నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున ఉంటే దాని కింద దాదాపు 40 మీటర్ల మంచినీరు ఉన్నట్టు లెక్క. అదే లెక్కన, మోటారుతో గబగబా తోడి మట్టాన్ని కొద్దిగా దించినా కింది ఉప్పునీరు ఎన్నో రెట్లు పైకి ఎగదన్నుతుంది. పెరట్లో పాత నుయ్యి ఉంటే పూడిక తీయించి దానినే వాడుకోండి, బోరు జోలికి వెళ్లకండి. సీఆర్‌జెడ్ పరిధిలో బోర్లకు నిబంధనల అడ్డంకి కూడా ఉంది. చిన్న మోటారుతో రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా తోడి ట్యాంకు నింపుకోండి. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములలోపు ఉంటే తాగడానికి మంచిదని ప్రమాణం. వేసవి చివర ఒకసారి, వానలు పోయాక ఒకసారి పరీక్ష చేయించి గోడ మీదే రాసిపెట్టుకుంటే నుయ్యి ఉప్పెక్కుతోందా లేదా తెలుస్తుంది. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంత నూతికి కనీసం 15 మీటర్ల దూరంలో, పల్లంలో ఉండాలి, ఇసుక నేల కాబట్టి స్థలముంటే ఇంకా దూరమే మంచిది.

గాలికి అడ్డుగా సరుగుడు వేయండి, కాని ఇంటికి చెట్టంత దూరంలో. ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగను కలుపు అనుకొని పీకించవద్దు, దిబ్బను పట్టి ఉంచేది అదే.

తాళం వేసే ముందు

ఆదివారం సాయంత్రం బయలుదేరే ముందు ఒక అరగంట ఇంటికి కేటాయించండి. గడియలను, కుళాయిలను, సైకిలును మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. పరుపులను చుట్టి మంచం మీద నిలబెట్టండి. బీరువా రెక్కలు, ఫ్రిజ్ తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. బీరువా అడుగున మట్టి మూకుడులో నాలుగు సున్నపు రాళ్లు పెడితే తేమను పీల్చుకుంటాయి. అవి ఉబ్బుతాయి కాబట్టి మూకుడు మూడో వంతుకు మించి నింపవద్దు. మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ రెగ్యులేటరు విప్పి, వాలు బద్దలను తెరిచే ఉంచి తలుపులు మాత్రం వేయండి.

ఒక తాళంచెవి పొరుగింట్లో ఇవ్వండి. వారానికోసారి తలుపులు తెరిచి గాలి తగలనిచ్చినందుకు వారికి నెలనెలా ఎంతోకొంత, అడగకముందే, ముట్టజెప్పండి. అక్టోబరు రాగానే చూరు కట్లను మీరే నిచ్చెన వేసుకొని చూసుకోండి. భీమునిపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగిరిందన్న వార్త వినగానే వారికి ఫోను చేసి, వసారాలోని కుర్చీలను లోపల పెట్టించి, వాలు బద్దలను మూయించి, గడియలు వేయించండి. అంతవరకే అడగండి. ఆ రాత్రి ఇంటికి కాపలాగా ఎవరినీ ఉండమనకండి. వారు తుపాను రక్షిత భవనానికి చేరారో లేదో కనుక్కోవడానికి మళ్లీ ఒకసారి ఫోను చేయండి.